చెవిలోకి చూడనివారు చెవిని కడగకూడదు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడు చోట్లా ఇంటికి వచ్చి పెంపుడు కుక్కలకు స్నానం చేయించి, గోళ్లు తీసి, చెవులు శుభ్రం చేసి వెళ్ళే గ్రూమర్లు ఇప్పుడు దొరుకుతున్నారు. ఫోన్ చేస్తే బండి మీద సామాను సంచితో వస్తారు. వారి పనిని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. అయితే అందులో ఒక భాగం, అంటే చెవి శుభ్రం చేయడం, స్నానంతో పాటు కలిపి నెలవారీ ప్యాకేజీగా అమ్మదగిన పని కాదని నా గట్టి అభిప్రాయం. ఓటోస్కోపుతో, అంటే దీపం ఉన్న చిన్న గొట్టపు పరికరంతో, లోపలికి చూసి, కర్ణభేరి బాగుందని తెలుసుకున్న తర్వాతనే చెవి లోపల ఒక చుక్క ద్రవమైనా పోయాలి. చూసే పరికరం లేనివారు, ఉన్నా చూసింది పోల్చుకోలేనివారు చెవి డొప్పను తుడిచి అక్కడితో ఆగాలి.

ఇంటి సేవ ఎందుకు కావాలో ముందు చెప్పాలి, ఎందుకంటే అది అవసరం లేదని వాదించడం నా ఉద్దేశం కాదు. నక్కలగుట్టలో లిఫ్టు లేని అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉండే మా బంధువుల ఇంట ముసలి లాబ్రడార్ ఒకటి ఉంది. తుంటి కీళ్లు పాడై మెట్లు దిగలేదు, ముప్పై కిలోలకు పైబడిన ఆ ప్రాణిని ఎత్తుకుని దించడం ఇంట్లోని పెద్దవాళ్ల వల్ల కాదు. పిల్లుల సంగతి ఇంకా వేరు. బుట్టలో పెట్టి ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోయేసరికి పిల్లి సగం బిగుసుకుపోయి ఉంటుంది, అక్కడ వరసలో నాలుగు కుక్కలు మొరుగుతుంటే పూర్తిగా బిగుసుకుపోతుంది. అలా భయపడిన జంతువు చెవిని పరీక్షించడం అనుభవమున్న డాక్టరుకు కూడా కష్టమే. అదే జంతువు తన ఇంట్లో, తనకు తెలిసిన చాప మీద, తనవాళ్ల ఒడిలో ఉన్నప్పుడు చెవి చూపించడానికి చాలా తేలికగా ఒప్పుకుంటుంది. ఇంటివారు కూడా పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారో చూసి నేర్చుకోగలుగుతారు. ఇవన్నీ నిజమైన లాభాలు.

ఇక చెవి నిర్మాణం చూద్దాం, నా వాదనకు ఆధారం అక్కడే ఉంది. మనిషి చెవి నాళం పొట్టిగా, దాదాపు తిన్నగా ఉంటుంది. కుక్క చెవి నాళం అలా కాదు. అది మొదట బావిలా నిలువుగా కిందికి దిగి, అడుగున సొరంగంలా అడ్డంగా లోపలికి తిరుగుతుంది, కర్ణభేరి ఆ అడ్డ నాళం చివర ఉంటుంది. బయటి నుంచి మామూలు కంటితో చూస్తే కనిపించేది డొప్ప లోపలి భాగమూ, నిలువు నాళం మొదలూ మాత్రమే. డొప్పను మెల్లగా పైకీ బయటికీ లాగి, ఓటోస్కోపు గొట్టాన్ని జాగ్రత్తగా మలుపు దాటిస్తే తప్ప కర్ణభేరి కనిపించదు. అందుకే సెల్‌ఫోన్ టార్చి వేసి చూసి ‘లోపల అంతా బాగుంది’ అని చెప్పేవారి మాటకు విలువ లేదు. దూది చుట్టిన పుల్లలు ఎందుకు వాడకూడదో కూడా ఈ మలుపే చెబుతుంది. పుల్ల లోపలికి పోయినకొద్దీ గులిమిలో కొంత దూదికి అంటుకుంటుంది, మిగిలినదంతా మలుపు అవతలికి, కర్ణభేరి వైపుకు నెట్టుకుపోతుంది. దూది మీద కనిపించిన మురికిని చూసి చెవి శుభ్రమైందని మనం సంతోషిస్తాం. లోపల మాత్రం గడ్డ కట్టడం అక్కడే మొదలవుతుంది.

ఇంకొక సంగతి చాలామంది పెంపకందారులకు తెలియదు. ఆరోగ్యమైన చెవి తనను తానే శుభ్రం చేసుకుంటుంది. కర్ణభేరి మీదా, నాళం గోడల మీదా ఉండే చర్మపు పైపొర నెమ్మదిగా బయటి వైపుకు జరుగుతూ ఉంటుంది. రాలిన చర్మకణాలనూ గులిమినీ తనతో పాటు మోసుకొచ్చి నాళం మొదట్లో వదిలిపెడుతుంది. చర్మం లేత గులాబీ రంగులో ఉండి, వాసన లేకుండా, కొద్దిగా లేత పసుపు గులిమి మాత్రమే ఉన్న చెవికి మనం చేయవలసింది ఏమీ లేదు. అటువంటి చెవిని ప్రతి నెలా, కొన్ని ఇళ్లలో ప్రతి వారం, ద్రవం పోసి కడగడం వల్ల నాళం చర్మం నానిపోయి, దానికి సహజంగా ఉండే రక్షణ దెబ్బతింటుంది. అతిగా కడగడాన్ని చెవి వాపుకు దారితీసే పరిస్థితులలో ఒకటిగా పశువైద్య చర్మ నిపుణులు చాలా కాలంగా లెక్కిస్తున్నారు. నెలవారీ ప్యాకేజీ మీద నా మొదటి అభ్యంతరం ఇదే. అది క్యాలెండరును చూసి చెవిని కడుగుతుంది. చాలా పిల్లులకూ, నిటారు చెవులున్న మన ఊరి కుక్కలకూ జీవితకాలంలో ఆ అవసరమే రాకపోవచ్చు.

‘కడగకపోతే వాసన వస్తోంది కదా’ అని నాతో వాదించినవారు ఉన్నారు. వాసన వస్తోందంటే అది మురికి కాదు, జబ్బు అని అర్థం. ముదురు గోధుమ రంగులో జిడ్డుగా ఉండి, పులిసిన వాసన వస్తుంటే సాధారణంగా మలసేజియా అనే ఈస్ట్ పెరిగి ఉంటుంది. పసుపుపచ్చగా చీములా కారుతూ, ముక్కు మూసుకోవలసినంత దుర్వాసన ఉండి, చెవి ముట్టుకుంటే కుక్క కేకపెడుతుంటే సూడోమోనాస్ వంటి మొండి బ్యాక్టీరియాను అనుమానించాలి. కాఫీ పొడి చల్లినట్టు నల్లగా, పొడిపొడిగా ఉంటే, ముఖ్యంగా పిల్లికూనల్లో, చెవి పురుగులు, అంటే కంటికి చుక్కల్లా కూడా సరిగా ఆనని సన్నని మైట్లు ఉండవచ్చు. అయితే రంగూ వాసనా ఊహకు మాత్రమే పనికొస్తాయి. చెవిలోని మురికిని కొద్దిగా దూదితో తీసి, గాజు పలక మీద రుద్ది, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తే ఏది ఉందో డాక్టరు అక్కడికక్కడే చెప్పగలరు. దీనికి కొద్ది నిమిషాలు చాలు. ఆ పరీక్ష చేయకుండా పోసిన ప్రతి మందూ చీకట్లో వేసిన మందే.

ఆ ఈస్టూ బ్యాక్టీరియా కూడా జబ్బుకు మూలం కావన్నది తర్వాతి మెట్టు. అవి కొద్దిపాటిగా మామూలు చెవిలో కూడా ఉంటాయి. అవి విజృంభించడానికి ఏదో ఒకటి అవకాశం ఇస్తుంది. కుక్కల్లో ఎక్కువగా ఆ అవకాశం ఇచ్చేది అలర్జీ. ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులు, పుప్పొడి, బూజు, కొన్నిటికి తినే తిండిలోని ఒక మాంసకృత్తి, ఇవి ఒంటికి పడక చర్మం వాస్తుంది. చెవి నాళం గోడ కూడా చర్మమే కనుక అదీ వాస్తుంది. ఈ రకం చర్మ అలర్జీ సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసు మధ్య మొదలవుతుంది. మా ఇంటి లాబ్రడార్‌కు వానాకాలం వచ్చిందంటే రెండు చెవులూ ఎర్రబడేవి. చెవి చూపించడానికి తీసుకుపోతే డాక్టరు గారు చెవికంటే ముందు కాళ్ల వేళ్ల మధ్య చూశారు. నాకి నాకి అక్కడి వెంట్రుకలు తుప్పు రంగుకు మారి ఉన్నాయి. పొట్ట కింద చర్మం కూడా ఎర్రగా ఉంది. దురదకు మందు మొదలుపెట్టి, పిడుదుల నివారణ క్రమం తప్పకుండా చేసిన తర్వాత చెవులు వాటంతట అవే సద్దుమణిగాయి. కడిగింది చాలా తక్కువ. తిండి వల్ల అని అనుమానం ఉన్నచోట కనీసం ఎనిమిది వారాల పాటు అదివరకు ఎన్నడూ తినని ఒకే రకం ఆహారం పెట్టి చూడమంటారు. ఇంత ఓపిక కావలసిన జబ్బును నెలకొకసారి పోసే ద్రవంతో మాన్పించగలమని చెప్పడం పెంపకందారును మభ్యపెట్టడమే అవుతుంది.

మన ప్రాంతపు వాతావరణం ఇందులో తన పాత్ర తాను పోషిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ. వడ్డేపల్లి చెరువు గట్టు మీదికి, ధర్మసాగర్ వైపుకు కుక్కలను తీసుకుపోయి నీళ్లలోకి వదిలే అలవాటు కూడా పెరిగింది. కాకర్ స్పానియల్, బీగిల్, గోల్డెన్ రిట్రీవర్ వంటి వేలాడే చెవుల జాతులలో తడి లోపలే నిలిచిపోతుంది. ముఖం నొక్కుకుపోయిన పగ్ వంటి జాతులలో నాళమే ఇరుకు. ఈతకు వెళ్లిన రోజున డొప్పను పైకి ఎత్తి పొడి గుడ్డతో ఒత్తి ఆరనివ్వడం అందరూ చేయగలిగిన, చేయవలసిన పని. తరచూ ఈదే కుక్కకు చెవిని ఆరబెట్టే ద్రావణం వాడాలా వద్దా అన్నది దాని చెవి చూసిన డాక్టరు చెప్పాలి. షీజూ, పూడిల్ జాతుల చెవిలో పెరిగే వెంట్రుకలను గ్రూమర్లు అలవాటుగా పీకుతుంటారు. చెవి బాగున్నప్పుడు వాటిని పీకనవసరం లేదు. పీకిన ప్రతి కుదురూ చిన్న గాయమే, అక్కడి నుంచే వాపు మొదలుకావచ్చు.

సుబేదారిలో మాకు తెలిసిన కుటుంబం ఒకటి కాకర్ స్పానియల్‌ను పెంచుతోంది. ఒక గ్రూమర్ నెలనెలా వచ్చి చెవులు కడిగేవాడు. కొంతకాలంగా ఒక చెవి వాసన వస్తోంది, కుక్క తల విదిలిస్తోంది. అతను ప్రతిసారీ ద్రవం పోసి, పిసికి, తుడిచి వెళ్ళేవాడు. ఒకనాడు కడిగిన కాసేపటికి కుక్క తల ఒక పక్కకు వాలిపోయింది, నిలబడలేక ఒకే వైపుకు గుండ్రంగా తిరిగింది, వాంతి చేసుకుంది, కనుగుడ్లు ఇటూ అటూ వేగంగా కదిలాయి. ఇవి లోపలి చెవి దెబ్బతిన్నప్పటి లక్షణాలు. డాక్టరు చూస్తే కర్ణభేరికి రంధ్రం ఉంది. ఆ పొర జబ్బు వల్ల ముందే చిరిగిందో, లేక ఆ రోజే చిరిగిందో ఎవరూ చెప్పలేకపోయారు. నాకు బాధ కలిగించేది సరిగ్గా ఇదే. కడగడానికి ముందు ఒక్కసారి చూసి ఉంటే తెలిసేది. తర్వాత కుక్క నడక కుదుటపడింది, తల మాత్రం ఇప్పటికీ కొద్దిగా వాలే ఉంటుంది.

కర్ణభేరి చిరిగి ఉన్నప్పుడు ఏం జరుగుతుందో వివరంగా తెలుసుకోవడం అవసరం. పైచెవిలో పోసిన ద్రవం మధ్య చెవిలోకి దిగుతుంది, అక్కడి నుంచి దాని ప్రభావం వినికిడినీ సమతుల్యతనూ నడిపే లోపలి చెవిని చేరుతుంది. చర్మం మీద ఎంతో మంచిదైన క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశని అక్కడ విషంతో సమానం. జెంటామైసిన్ వర్గానికి చెందిన యాంటీబయాటిక్ చుక్కలు వినికిడిని పోగొట్టవచ్చు. అనేక చెవి ద్రావణాల్లో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ కూడా అక్కడ ప్రమాదమే. పిల్లులు ఈ విషయంలో మరింత సున్నితం. ఇవన్నీ మెడికల్ షాపులో సులభంగా దొరికే వస్తువులే. యాంటీబయాటిక్, ఫంగస్ మందు, స్టెరాయిడ్ మూడూ కలిపిన చుక్కలను చీటీ లేకుండా కొని, ‘ఏదున్నా ఇందులో పోతుంది’ అని వేసే పద్ధతి మన దగ్గర బాగా పాతుకుపోయింది. అందులోని స్టెరాయిడ్ నొప్పినీ ఎర్రదనాన్నీ తగ్గిస్తుంది కనుక రెండు రోజుల్లో నయమైనట్టే ఉంటుంది. మందు ఆపగానే జబ్బు తిరిగి వస్తుంది. ఇలా పలుమార్లు అరకొరగా వాడిన చెవిలో బ్యాక్టీరియా మందులకు లొంగకుండా తయారవుతుంది. ఏళ్ల తరబడి వాచిన నాళం గోడ దళసరెక్కి, గట్టిపడి, కొన్నాళ్లకు ఎముకలా మారి మూసుకుపోతుంది. ఆ దశకు వచ్చిన కుక్కకు చెవి నాళాన్ని మొత్తంగా తీసివేసే ఆపరేషన్ తప్ప వేరే దారి ఉండదు.

ఇంటి వైద్యాల గురించి కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. ఎల్లిపాయ వేసి కాచిన నూనె, వేపనూనె, పసుపు నీళ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ ఏవీ కుక్క చెవిలోకి పోకూడదు. నూనె తేమను లోపలే బంధిస్తుంది, పెరాక్సైడూ స్పిరిట్టూ వాచిన చర్మాన్ని మండిస్తాయి. పిడుదులను చంపడానికి చెవిలో కిరోసిన్ రాసేవారిని మా చుట్టుపక్కల ఊళ్లలో నేను చూశాను. వారు ప్రేమతోనే చేస్తారు, సందేహం లేదు, కానీ ఆ కుక్క పడే బాధ చూడలేం. డొప్ప మడతల్లో పట్టుకున్న పిడుదును సన్న పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి నిదానంగా లాగాలి. ఎర్లీషియా, బబీసియా వంటి ప్రాణాంతక జ్వరాలను తెచ్చేవి అవే కనుక, లాగి పారేయడంతో ఊరుకోకుండా డాక్టరు సలహాతో నివారణ మందు క్రమంగా వాడాలి. ఒక పిల్లికి చెవి పురుగులు ఉన్నాయంటే ఇంట్లోని మిగతా జంతువులన్నిటికీ కలిపి చికిత్స చేయాలి. ఆ పురుగు గుడ్డు నుంచి గుడ్డు పెట్టే దశకు చేరడానికి సుమారు మూడు వారాలు పడుతుంది కనుక ఒకసారి కడిగి వదిలేస్తే మళ్లీ పుట్టుకొస్తాయి.

మరి ఇంటికి వచ్చే గ్రూమర్ ఏం చేయాలి? ముందు అడగాలి: ఎన్నాళ్లుగా దురద ఉంది, అదివరకు ఏ మందు వేశారు, డాక్టరు ఎప్పుడు చూశారు అని. తర్వాత ముట్టుకోకుండా చూడాలి. తల ఒక పక్కకు వాలి ఉందా, నడక తడబడుతోందా, డొప్ప ఉబ్బి మెత్తని దిండులా ఉందా అని. తల అదే పనిగా విదిలించడం వల్ల డొప్పలో రక్తనాళం చిట్లి రక్తం నిండితే అలా ఉబ్బుతుంది, దానిని నొక్కకుండా, సూది గుచ్చకుండా దవాఖానకు పంపాలి. ఆపైన వాసన చూసి, చెవి అడుగున నాళాన్ని వేళ్లతో మెల్లగా తడిమి, నొప్పి ఉందేమో గమనించి, అప్పుడు ఓటోస్కోపు పెట్టాలి. ఒక చెవికి వాడిన గొట్టం మొనను శుద్ధి చేయకుండా రెండో చెవికి వాడకూడదు, ఇంకో ఇంటి జంతువుకు అసలే వాడకూడదు. అంతా సవ్యంగా ఉండి, గులిమి మాత్రం పేరుకుని ఉంటే, కుక్కల చెవికని తయారైన ద్రావణాన్ని గోరువెచ్చగా చేసి నాళం నిండేలా పోసి, చెవి అడుగున అర నిమిషం పాటు పిసికి, కుక్కను తల విదిలించుకోనిచ్చి, బయటికి వచ్చినదాన్ని దూది ఉండతో వేలు వెళ్లినంత మేరకే తుడవాలి. సీసా మొన చెవికి తగలకూడదు. ఇందులో ఎక్కడ నొప్పి, రక్తం, చీము, దుర్వాసన కనిపించినా పని అక్కడే ఆపాలి.

చెవి నొప్పి ఉన్న కుక్క ఎంత నెమ్మదైనదైనా కరవవచ్చు. చిక్కం వేయడం తప్పేమీ కాదు. కానీ ‘పడుకోబెట్టడానికి’ అని మత్తు మాత్రలు ఇచ్చేవారిని గుమ్మంలోనే ఆపాలి. ఏ వయసు, ఏ గుండె, ఎంత మోతాదు అన్నది డాక్టరు నిర్ణయించవలసిన సంగతి. గ్రూమర్లు కూడా ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకుని ఉండాలి. కాటు పడితే పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో ధారగా కడిగి, వెంటనే ఎం.జి.ఎం. ఆసుపత్రికో, దగ్గరలోని మరో దవాఖానకో వెళ్ళి టీకా తీసుకోవాలి.

చట్టం కూడా ఈ గీతను గీసింది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ ప్రకారం పశువైద్యం చేయగలిగింది రిజిస్టరైన పశువైద్యులు మాత్రమే. వారి పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు చేయడానికి డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న సిబ్బందికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చు. డొప్ప తుడవడం ఈ గీతకు ఇవతల ఉంటుంది. జబ్బు పేరు చెప్పి మందు చుక్కలు వేయడం అవతల ఉంటుంది. ప్యాకేజీ కరపత్రంలో ‘చెవి ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స’ అని రాసి ఉంటే, వచ్చే వ్యక్తి పశువైద్యుడేనా అని, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని అడగడం మర్యాద తప్పడం కాదు.

దీనికి ఎదురుగా వినిపించే వాదనను నేను తేలికగా తీసుకోను. డాక్టర్లు తక్కువ, పరకాల నుంచో భూపాలపల్లి నుంచో ప్రతిసారీ రావడం మాటలు కాదు, గ్రూమర్ కూడా చేయనంటే ఆ కుక్కను ఎవరు చూస్తారు అని అడుగుతారు. ఆ ప్రశ్నలో నిజం ఉంది. దూరాభారం వల్లే ఎన్నో చెవులు ముదిరిపోయిన తర్వాత దవాఖాన మెట్లు ఎక్కుతున్నాయి. కానీ ఆ లోటును చూడకుండా కడగడం తీర్చదు, ఆలస్యాన్ని మరో నెల పెంచుతుంది. ప్రతి నెలా ఇంటికి వచ్చి కుక్కను ముట్టుకునే మనిషి, జబ్బును అందరికంటే ముందు పసిగట్టగలిగిన మనిషి. అతను ‘ఈ చెవిని నేను ముట్టను, ఈ వారంలో డాక్టరుకు చూపించండి’ అని చెప్పి, తన రాకకు అయిన ఖర్చు తీసుకుని వెళ్ళగలగాలి. ఆ మాట చెప్పినందుకు అతని రోజుకూలి పోకూడదు. ఇక్కడ పెంపకందారులమైన మనం మారాలి. నాలుగు దూది ఉండల నిండా మురికి తీసి చూపిస్తేనే పని జరిగిందనుకునే మనస్తత్వమే అతని చేత అనవసరంగా కడిగిస్తోంది. చూసినందుకు డబ్బు ఇవ్వడం మనం నేర్చుకోవాలి.

మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. గ్రూమింగ్ పనిలో ఉన్న యువకులకు అక్కడ చిన్నపాటి శిక్షణ ఏర్పాటు చేయడం మన జిల్లాకు సాధ్యమైన పని. చెవి నిర్మాణం, ఓటోస్కోపు పట్టుకునే తీరు, మంచి కర్ణభేరి ఎలా కనిపిస్తుంది, పరికరాల శుద్ధి, జంతువును నొప్పించకుండా పట్టుకోవడం, ఎప్పుడు ఆపాలి అన్నవి నేర్పిస్తే చాలు, మందులు నేర్పనక్కర లేదు. గ్రూమర్ చూసినదాన్ని ఒక కాగితం మీద రాసి ఇచ్చే పద్ధతిని కూడా అందులో భాగం చేయాలి: తేదీ, ఏ చెవి, చర్మం రంగు, వాసన, కారుతున్నదేమిటి, నొప్పి ఉందా, కర్ణభేరి కనిపించిందా లేదా, ఏ ద్రావణం పోశారు, లేక ఎందుకు పోయలేదు. మా వీధికి వచ్చే అబ్బాయిని నేను ఈ కాగితం అడిగితే మొదట ఆశ్చర్యపోయాడు, ఇప్పుడు వాళ్ల షాపు బిల్లు పుస్తకం వెనకే రాసి ఇస్తున్నాడు. ఆ చీటీ తీసుకుని వెళితే డాక్టరు గారు మొదట చూసేది అదే.